బదులుపని తీర్చిన తొదోసియా

మా ఊరి తొదోసియా డెబ్బై దాటిన వయసులో వీపున సంచి తగిలించుకుని స్పెయిన్ దేశపు ద్రాక్షతోటకు ఎందుకు వెళ్ళిందన్న దానిమీద చాలా మాటలు పుట్టాయి. కూలికి వెళ్ళిందని కొందరన్నారు. ముసలితనంలో మతి చలించిందని మరికొందరు. అక్కడెవరో విధురుణ్ణి పెళ్ళాడబోతోందన్న మాట గవ్రిలా పుట్టించినది. సరదా దొరికితే చాలు, అతనికి నిజంతో పని లేదు, కనుక దాన్ని పక్కన పెడుతున్నాను. ఆమె ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్నది ఒక కర్రల దడి. జరిగినదానిలో కొంత నేను చూశాను, కొంత నా నోటిమీదుగానే నడిచింది. మిగిలినదాన్ని ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి సరిచూసుకున్నాను.

తొదోసియా మా ఊళ్ళో పుట్టినది కాదు. కొండకు అవతలి ఊరు ఆమెది. తండ్రి అడవిలో దుంగ కింద పడి చనిపోతే, పిల్లల్ని సాకలేని తల్లి ఆమెను ఒక పిండిమిల్లు యజమాని ఇంట్లో పెట్టింది. ఒప్పందం తిండీ, పడకా. పడక అంటే పొయ్యి వెనక బల్ల. మొదట బాతుల్ని కాసింది, తరవాత ఆ ఇంటి పసివాణ్ణి ఎత్తుకుంది, తరవాత ఆవులు. చలికాలానికి చెప్పులడిగినా, ఒంట్లో బాగాలేదని కూర్చున్నా, ఆ ఇంటి ఇల్లాలు ఒకే మాట అనేదట: "తిండి పెట్టడం లేదేమిటే నీకు?" కొట్టేవారా అని నేనొకసారి అడిగాను. లేదంది. తిండి కడుపునిండా పెట్టేవారని కూడా ఒప్పుకుంది. ఆ ఇంటివాళ్ళ గురించి ఆమె చెప్పిన దానిలో అతిశయం లేదు కాబట్టి నేను పూర్తిగా నమ్ముతాను.

మా ఊరి కట్టెలు కొట్టే ఇలియెను పెళ్ళాడి ఈ వైపుకు వచ్చింది. ఇద్దరూ కలిసి కొండవాలున ఒక గడ్డిబీడు సంపాదించారు. పిల్లలు కలగలేదు. ఇలియె పోయాక బీడు, ఆవు, ఇల్లు ఆమెకు మిగిలాయి.

మా కొండల్లో గడ్డికోత ఏ ఇల్లూ ఒంటరిగా చెయ్యదు. ఎండ నిలిచే రోజులు తక్కువ. కోసిన గడ్డి వానకు తడవకముందే ఆరబెట్టి, గుంజల చుట్టూ మేటు వేసి తీరాలి. అందుకని పక్కవాళ్ళను పిలుస్తాం. వాళ్ళు వస్తారు, కూలి అడగరు. పిలిచిన ఇల్లు మాంసం, కూరి చుట్టిన కాబేజీ ఆకులు, మీగడ వేసిన మొక్కజొన్న సంకటి పెడుతుంది. పనివాళ్ళలో చివరి మనిషి చెంచా దించేదాకా ఆ ఇంటి ఆడమనిషి కూర్చోదు. ఆ భోజనం కూలి కాదు, మర్యాద. కూలి ఏమిటంటే, రేపు వాళ్ళు పిలిచినప్పుడు మనం వెళ్ళడం. బదులుపని బదులుపనితోనే తీరుతుంది.

ఈ విషయంలో తొదోసియాను వేలెత్తి చూపగలిగినవాళ్ళు లేరు. జ్వరంతో వెళ్ళింది, మణికట్టు విరిగిన ఏడు రెండో చేత్తో గడ్డి పోగుచేసింది. ఇదంతా మంచితనమని నేను అనను. ఎవరు తనకు పని బాకీ ఉన్నారో కూడా ఆమె అంతే గట్టిగా గుర్తుపెట్టుకునేది. ఒక మధ్యాహ్నం పని ఎగ్గొట్టిందని గవ్రిలా భార్యతో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఆమెలో దయకంటే పంతం పాలు ఎక్కువ. పక్కింటివాణ్ణిగా ఆ పంతాన్ని నేనూ చవిచూశాను.

తరవాత మోకాళ్ళు చెడ్డాయి. ఆమె జనాన్ని పిలవడం మానేసింది.

"పిలిస్తే వస్తారు మాస్టారూ," అంది నాతో. "వచ్చాక నేను వాళ్ళ వాలు ఎక్కాలి. ఏ కాళ్ళతో ఎక్కమంటారు?"

"నీ వయసు మనిషిని బదులడిగే వాళ్ళెవరున్నారు?"

"అడగరు. అదే కదా నా బాధ."

ఆ ఏడు బీడులో సగం కోయకుండానే వదిలేసింది. చలికాలం చివర్లో ఆవు ఎముకలు బయటపడ్డాయి. ఇక అమ్మేస్తానంది. ఆ కబురు పట్నంలో ఉన్న ఆమె మేనకోడలు రొదీకా చెవిన పడింది. అసలు కథ అక్కడే మొదలైంది.

రొదీకా చేసిన పని ఇది. సంచి వీపున వేసుకుని దేశాలు తిరిగే కుర్రకారు, ఊరూరా రైతుల ఇళ్ళలో పనిచేసి అక్కడే తిని పడుకునే ఏర్పాటు ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. అందులో అత్త ఇంటిని చేర్చి ప్రకటన పెట్టింది. అత్తకు మాత్రం ఫోనులో ఇలా చెప్పింది: "ఒక అమ్మాయి వస్తుంది అత్తా. గడ్డికోతకి సాయం చేస్తుంది. ముందుగది ఇవ్వు, భోజనం పెట్టు." రొదీకా అబద్ధమాడలేదు, సగం చెప్పింది. వినే మనిషి మిగతా సగాన్ని తనకు తెలిసిన లోకంతో నింపుకుంది. రొదీకా స్నేహితురాలు ఎవరో బదులుపనికి వస్తోందనుకుంది.

వచ్చినదాని పేరు ఉషియా. స్పెయిన్ పడమటి మూల, గలీసియా వాళ్ళ పిల్ల. సంచి ఆమె తలకంటే ఎత్తుగా ఉంది. చదువు ముగిసి, ఉద్యోగంలో చేరేముందు లోకం చూడాలని బయలుదేరింది. బస్సు దిగి వీధిలో నడిచి వస్తుంటే గవ్రిలా తన గుమ్మం దగ్గరే ఆపాడు. అతని కొడుకులిద్దరూ ఆ దేశంలోనే పనిచేస్తున్నారు.

"మావాళ్ళు మీ దేశంలో స్ట్రాబెర్రీలు కోస్తున్నారమ్మా," అన్నాడు. "నువ్వేమో మా గడ్డి కొయ్యడానికొచ్చావ్. ముగ్గురూ మధ్యదారిలో కలుసుకుని పనులు మార్చుకుంటే సగం ప్రయాణం మిగిలేది కదా!"

ఆమెకు అర్థమైంది కొద్దే అయినా నవ్వింది. వాళ్ళ భాషా మా భాషా దూరపు చుట్టాలు. నెమ్మదిగా మాట్లాడితే ముక్కలు దొరుకుతాయి. దొరకనిచోట నా ఇంగ్లీషు పనికొచ్చింది.

మొదటి చిక్కు భోజనం దగ్గర. తొదోసియా దడి దగ్గరికి వచ్చి వాపోయింది: "పిల్ల పిచ్చుకలా తింటోంది మాస్టారూ. నా చేతివంట సయించడం లేదేమో." ఆ సాయంత్రమే పిల్ల నన్ను అడిగింది: "నేను తింటున్నంతసేపూ ఆవిడ నిలబడి చూస్తుందేంటండీ? ఎక్కువ తినేస్తున్నానా?" మా మర్యాద ఏమిటో చెప్పాను. మర్నాడు మధ్యాహ్నం ఆమె సంకటి మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటుంటే తొదోసియా ముఖం వెలిగిపోయింది.

పనిలో మాత్రం తొదోసియా ఎవరికీ మర్యాద చెయ్యదు. మా పొడుగుపిడి కొడవలి ఉషియాకు పట్టుబడలేదు. కోత మా వీధి చివరి కుర్రవాడొకడు, గడ్డిలో కొంత తన వాటాగా తీసుకునే షరతుమీద, కోసిపెట్టాడు. ఆరబెట్టడం, పోగెయ్యడం, మేటు తొక్కడం పిల్ల పని. మేటు నడుమ పాతిన గుంజ చుట్టూ తిరుగుతూ, కింద నుంచి అందించిన గడ్డిని అంచులదాకా తొక్కాలి. మధ్యలో తొక్కితే మేటు ఒరుగుతుంది, ఒరిగితే నీరు దిగి లోపల కుళ్ళుతుంది. తొదోసియా కింద కుర్చీ వేసుకుని కేకలు పెట్టేది. మా పెరటిదాకా వినిపించేవి.

"ఏమే, ఆ గుంజని వాటేసుకుంటావేంటే? నీ మొగుడా అది? వదులు! చుట్టూ తిరుగు! అంచు, అంచు తొక్కు!"

"పడిపోతాను అత్తా!"

"పడితే గడ్డిలోనేగా పడతావ్! నాకైతే రాయిమీద పడినా ఇంత గోల లేదు."

రొదీకా ఫోనులో పిలిచే పిలుపు విని ఉషియా కూడా 'అత్తా' అనడం నేర్చింది. మొదటి మేటు ఒరిగింది. విప్పి మళ్ళీ వేశారు. తరవాతివి నిలబడ్డాయి. వాలు మొత్తం ఖాళీ అయ్యాక ఆవును అమ్మే మాట వినబడలేదు.

అన్నీ సవ్యంగా ఉన్న ఆ సమయంలోనే గవ్రిలా దడి దగ్గరికి వచ్చాడు. స్పెయిన్‌లో ఉన్న కొడుకు ఆ ప్రకటన వెతికి అతని ఫోనుకు పంపాడు.

"తొదోసియా అక్కా! తిండీ పడకా పడేస్తే చాకిరీ చేసే పిల్లని కుదుర్చుకున్నావంటగా! మిల్లువాళ్ళ తరవాత ఆ భోగం మళ్ళీ నీకే చూశాను."

అతనికి ఆమె చిన్నతనం తెలియదు. మిల్లు యజమానులంటే ఈ చుట్టుపక్కల డబ్బున్నవాళ్ళకు వాడే మాట, అంతే. ఈ విషయంలో అతన్ని తప్పుపట్టలేను. తొదోసియా ఆ ఫోను లాక్కుని నా చేతిలో పెట్టింది.

"చదవండి మాస్టారూ. ఉన్నదున్నట్టు చదవండి."

చదివాను. కొండమీద ఇల్లు, మంచి గాలి, ఆవుపాలు. కిందనే, రోజులో కొంతసేపు పనికి బదులుగా తిండీ పడకా. నేను మాట మెత్తబరచలేదు. ఆమె ఫోను తీసుకుని గవ్రిలా చేతిలో పెట్టేసింది. తరవాత లోపలికి వెళ్ళి, పాలచెంబు కడుగుతున్న ఉషియా చేతిలోంచి చెంబు తీసుకుని పక్కన పెట్టింది.

"ఇంక ఈ ఇంట్లో నువ్వు పని ముట్టుకోకు. మీకు పొలముందా?"

వెనకే వెళ్ళిన నేను ఇంగ్లీషులో అడిగాను. "నాన్నకి ద్రాక్షతోట ఉంది," అంది ఉషియా, ఏమీ అర్థంకాక.

"కోత ఎప్పుడు?"

"ఎండలు తగ్గాక, సెప్టెంబర్లో."

"వస్తాను."

"రండి రండి! తప్పకుండా రండి అత్తా!" అని ఆ పిల్ల ఆమెను కౌగలించుకుంది. దేశాలు తిరిగేవాళ్ళు విడిపోయేటప్పుడు ఒకరినొకరు ఇలాగే పిలుచుకుంటారు, ఎవరూ రారు. ఆ పిలుపును బదులుపనికి పిలుపుగా తీసుకునే మనిషి ఎదురుగా ఉందని పిల్లకు తెలియదు. నాకు తెలుసు. ఉషియా ఊరు విడిచి వెళ్ళాక తొదోసియాతో వాదించాను.

"నువ్వు పొరబడుతున్నావు. ఆ పిల్ల చదువుకుంది, తన ఇష్టంతో వచ్చింది. నచ్చకపోతే ఆ రోజే సంచి తగిలించుకుని పోగలదు. మిల్లువాళ్ళింట్లో నువ్వు పోగలిగేదానివా? ఇదీ అదీ ఒకటెలా అవుతాయి?"



"తేడా పిల్లకుంది మాస్టారూ. అది పోగలదు, నేను పోలేకపోయాను. బాగుంది. మరి ఇంటావిడకి తేడా ఏముంది? ఆవిడా తిండి పెట్టింది, నేనూ పెట్టాను. ఆవిడా చేయించుకుంది, నేనూ చేయించుకున్నాను."

 ఇప్పటికీ నా అభిప్రాయం అదే: ఉషియాకు అన్యాయం జరగలేదు. కానీ తొదోసియా అడిగినది ఉషియా గురించి కాదు.

రొదీకా పట్నంనుంచి పరుగెత్తుకొచ్చి ఏడ్చింది. "నీ మోకాళ్ళు చూసుకున్నావా అత్తా? రెండు గుమ్మాలు దాటి చర్చికి పోలేవు, దేశాలు దాటతావా?"

"ద్రాక్ష చేతుల్తో కోస్తారే. మోకాళ్ళతో కాదు."

"నేను నీ మంచికోసం చేశాను!"

"నా మంచి నన్నడిగి చెయ్యి ఇంకోసారి. ఆ చారల సంచి ఇలా అందుకో."

మా ఊరి పనివాళ్ళను స్పెయిన్ చేర్చే వ్యాను ఉంది. సెప్టెంబర్లో అందులో ఎక్కింది. వీపున చారల ఉన్ని సంచి, అందులో జున్ను, పందికొవ్వు, ప్లమ్ సారా సీసా. ఆవును ఎవరికి అప్పగించిందో విని ఊరంతా ఆశ్చర్యపోయింది: గవ్రిలా భార్యకు. "పాలు నువ్వే పిండుకో, నువ్వే వాడుకో, మనకి చెల్లు," అందట గుమ్మంలో నిలబడే. ఏళ్ళ తరవాత ఆ ఇద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది. దారిపొడుగునా ఆమె ఎవరి దగ్గరా ఒక్క కాఫీ కూడా తాగలేదని వ్యాను డ్రైవరు చెప్పాడు. అతనికి అబద్ధం చెప్పే అవసరం లేదు.

అక్కడ అసలు పరీక్ష మరో రూపంలో ఎదురైంది. ఉషియా తండ్రి అమారో మర్యాదస్తుడు. కూతురికి ఆశ్రయమిచ్చిన పెద్దావిడ అంత దూరంనుంచి వచ్చిందని పందిరి కింద కుర్చీ వేశాడు, దిండు పెట్టాడు, మంచి వైను పోశాడు. బుట్ట మాత్రం ఇవ్వలేదు. వాళ్ళ తోట నదిలోకి దిగే రాతిమెట్ల కొండ. మెట్టుకో వరస ద్రాక్ష. కుర్రవాళ్ళకే కాళ్ళు వణుకుతాయి. ఆమె ఒక రోజు ఓపిక పట్టింది. రెండో పొద్దున నాకు ఫోను వచ్చింది.

"మాస్టారూ, అత్త లోపలికి రావట్లేదు," అంది ఉషియా గాభరాగా. "సంచి తగిలించుకుని వాకిట్లో నిలబడింది. కాఫీ కూడా వద్దంటోంది. మేమేం తప్పు చేశాం?"

ఫోను ఆమె చేతికి ఇవ్వమన్నాను.

"చెప్పండి ఆ మనిషికి," అంది తొదోసియా. "నేను చుట్టపుచూపుకి రాలేదు. బుట్ట ఇస్తాడా, వ్యానెక్కిస్తాడా?"

ఉషియా తర్జుమా చేస్తుంటే అమారోకు వినిపించాను. అతని జవాబు న్యాయమైనదే. "ఆ మెట్లు చూశారా మాస్టారూ? ఆవిడ జారిపడితే నేను ఎవరికి మొహం చూపించాలి? మా ఊళ్ళోనూ కోతకి పక్కవాళ్ళు సాయమొస్తారు. అలాగని ముసలావిడచేత చేయించుకుంటామా? అతిథిని కూర్చోబెట్టాం, అందులో తప్పేముంది?"

తప్పు లేదన్నాను. ఆపైన, తొదోసియా నన్ను చెప్పమనకపోయినా, మిల్లు ఇల్లు సంగతి అతనికి చెప్పాను. అలా చెప్పే హక్కు నాకు ఉందో లేదో అప్పుడు తూచలేదు. చివరికి ఇలా అన్నాను: "మీరు ఆమె పని తీసుకోకపోతే, ఆమె లెక్కలో మీ కూతురు ఆ ఇంట్లో పనిమనిషిగా ఉన్నట్టు. తీసుకుంటే, రెండు ఇళ్ళూ పక్కపక్క ఇళ్ళు. మీరే ఆలోచించుకోండి."

 తరవాత అమారో కూతురితో అన్న మాట నాకూ అర్థమైంది.

"బుట్ట తీసుకురా. కత్తెర చిన్నది ఇవ్వు, పెద్దది బరువు."

తరవాత జరిగినదానికి రెండు కథనాలున్నాయి. తాను అందరితోపాటు దిగి, అందరితోపాటు కోసి, అందరితోపాటు ఎక్కానని తొదోసియా అంటుంది. దిగడం, కొయ్యడం నిజమేనని ఉషియా కూడా అంటుంది. దిగడం కూర్చుని ఒక్కో మెట్టూ జారుతూ దిగిందట. కింది వరస చేరాక మళ్ళీ పైకి రావడం ఆమె వల్ల కాలేదు. అందుకని పగలంతా ఆ కింది వరసలోనే ఉండి కోసింది. సాయంత్రం ద్రాక్షపెట్టెల్ని పైకి లాగే పట్టాల బండిలో, పెట్టెల మధ్య కూర్చుని వచ్చింది. ఉషియా పంపిన ఫోటో నా దగ్గర ఉంది. తలగుడ్డ సరిచేసుకుంటూ, పెళ్ళిబండిలో పెద్దముత్తైదువలా ఉంది. ఆ ఫోటో చూపిస్తే, "అది మరోరోజు," అని మొహం తిప్పుకుంటుంది.

"అత్తా, గుత్తి కాడ దగ్గర కొయ్యాలి, ఆకులు పడకూడదు," అని పైవరసనుంచి ఉషియా అరిచేదట.

"నువ్వు నా మేటు ఒరగ్గొట్టినదానివి. నాకు చెబుతున్నావా?"

మధ్యాహ్నం భోజనం అందరికీ కిందికే దించేవారు. బంగాళాదుంపలు, ఆక్టోపస్, రొట్టె. మొదటిరోజు ఆక్టోపస్ ముక్కను కత్తికొనతో అటూ ఇటూ తిప్పి, "దీనికి కాళ్ళు ఇన్నుండి కూడా పట్టుబడిందా?" అందట. దానికంటే ఆమెను కలవరపెట్టింది ఇంకొకటి. అమారో, అతని భార్య కూడా పనివాళ్ళతోపాటే కూర్చుని తిన్నారు. ఇంటివాళ్ళకు బొత్తిగా పద్ధతి తెలియదని ఆమె నాకు ఫోనులో ఫిర్యాదు చేసింది. కోత ముగిసేసరికి ఆ ఫిర్యాదు వినిపించడం మానేసింది. వాళ్ళ పక్కనే కూర్చుని తింటున్నట్టు ఉషియా చెప్పింది.

ఆమె వ్యానెక్కేరోజు అమారో బహుమతులేవీ ఇవ్వలేదు. ఇవ్వవద్దని నేను చెప్పలేదు. అది అతని వివేకం. రోడ్డుమీద ఆమె సంచి వీపుకు ఎత్తి, తోలుపట్టీ సరిచేసి అన్నాడట: "వచ్చే వేసవిలో గడ్డికి మనిషి కావాలంటే కబురు చెయ్యి. మా ఇంటినుంచి ఎవరో ఒకరు వస్తాం." ఉషియా తర్జుమా చేసింది. తల్లీకూతుళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే తొదోసియా మాత్రం తలూపి, "చూస్తాను. గడ్డి ఎలా పెరుగుతుందో," అందట. మా ఊళ్ళో పక్కింటివాడు అలా అడిగితే ఎవరైనా అనే జవాబే అది. ఆ సంభాషణను ఇద్దరూ ఒకేలా చెప్పారు కనుక నమ్ముతున్నాను.

తిరిగొచ్చాక ఆమె మోకాళ్ళు మరింత చెడ్డాయి. ఆ సంగతి దాచి, ఈ కథను విజయంలా చెప్పడం సరికాదు. చలికాలమంతా కర్ర పట్టుకునే నడిచింది. రొదీకా పట్నంనుంచి మందులు తెచ్చి, మొహం మాడ్చుకుని, ప్రకటన తీసేస్తానంది.

"ఉంచు," అంది తొదోసియా. "అందులో ఒక మాట చేర్చు. నేను తిరిగెళ్ళి చెయ్యడానికి వాళ్ళింట్లో పనుండాలి. పని లేనివాళ్ళు రావద్దు."

రొదీకా నా మొహం చూసింది. నేను ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో రాసిచ్చాను. చాలాకాలం ఎవరూ రాయలేదు. వసంతంలో ఒక కుర్రవాడు రాశాడు: తనకు పొలం లేదు, ఎత్తైన భవనంలో ఉంటాడు, కిటికీ బయట పూలకుండీలు మాత్రం ఉన్నాయి, అయినా రావచ్చా?

చదివి వినిపించి, ఇక కుదరదని రాసెయ్యనా అని అడిగాను. తొదోసియా నొప్పికాలు బల్లమీదికి చాపుకుంది.

"ఆగండి. ఆ కుండీల్లో మట్టి మార్చి ఎన్నాళ్ళయిందో అడగండి," అంది.